స్పార్క్ ప్లగ్ ఇండెక్సింగ్: ఏ ఇంజిన్‌కి అవసరం, ఏ ఇంజిన్‌కి వృథా శ్రమ

ముందే తేల్చి చెప్పేస్తాను. మామూలుగా రోడ్డు మీద తిరిగే బండి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్న ఇంజిన్, పెట్రోలు ఇన్‌టేక్ పోర్టులో చిమ్మే రకం అయితే ఇండెక్సింగ్ (ప్లగ్ కొస ఎటు చూడాలో కుదర్చడం) గురించి బుర్ర పాడుచేసుకోవద్దు. సరైన ప్లగ్, సరైన గ్యాప్ (స్పార్క్ పడే సందు), సరైన టార్క్ (బిగించే బలం), అక్కడితో ఆగిపోండి. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ లెక్క వేరు, అక్కడ ప్లగ్ ఎటు చూడాలో కంపెనీయే నిర్ణయించి ఉండొచ్చు, అలా ఉంటే దాన్ని పాటించి తీరాలి. రేసు ఇంజిన్ కట్టేవాళ్లది ఇంకో లెక్క. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టబట్టే ఈ విషయం మీద ఇంత గొడవ. ఒకాయన చేశాక బండి పికప్ అదిరిపోయిందంటాడు, ఇంకొకాయన అంతా ఉత్తదే అని కొట్టిపారేస్తాడు, ఇద్దరూ వేర్వేరు ఇంజిన్ల గురించి మాట్లాడుకుంటున్నారన్న సంగతి మాత్రం ఇద్దరికీ పట్టదు.

తెలియనివాళ్ల కోసం అసలు సంగతి రెండు ముక్కల్లో. ప్లగ్ కొసన సెంటర్ ఎలక్ట్రోడ్ మీదికి కొక్కెంలా వంగిన చిన్న లోహపు పట్టీ ఉంటుంది కదా, అది గ్రౌండ్ ఎలక్ట్రోడ్. స్పార్క్ ఆ రెండింటి మధ్య సందులో పడుతుంది. ఆ సందుకి ఒకవైపు పట్టీ కాలు అడ్డుగా నిలబడి ఉంటుంది, దానికి ఎదురువైపు తెరిచి ఉంటుంది. ప్లగ్ బిగించాక ఆ తెరిచిన వైపు ఎటు తిరిగి ఆగుతుందన్నది ప్లగ్ మీద మర ఎక్కడ మొదలైంది, ఇంజిన్ పైభాగమైన హెడ్‌లో మర ఎక్కడ మొదలైంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. మామూలు ప్లగ్గుల్లో పట్టీని వెల్డ్ చేసే చోటుకీ మర మొదలయ్యే చోటుకీ ముడి పెట్టరు. అందుకే ఒకే పెట్టెలోంచి తీసిన నాలుగు ప్లగ్గులు బిగిస్తే నాలుగూ నాలుగు దిక్కులు చూస్తూ కూర్చుంటాయి. వాటిని ఒకే దిక్కుకి, ఎక్కువమంది చేసేట్టు తెరిచిన వైపు ఇన్‌టేక్ వాల్వ్ వైపుకో, మిశ్రమం మండే చాంబర్ మధ్యకో చూసేలా కుదర్చడమే ఇండెక్సింగ్.

దీని వెనక ఉన్న భౌతికశాస్త్రం నిజమే, అందులో మోసమేమీ లేదు. స్పార్క్ పడగానే సందులో గుండుసూది తలకాయంత మంట పుడుతుంది. ఆ క్షణంలో అది చాలా బలహీనంగా ఉంటుంది, చుట్టూ ఉన్న చల్లటి లోహం దాని వేడిని పీల్చేస్తుంది. లోపల గాలి ఊరికే నిలబడి ఉండదు, సుడి తిరుగుతూ ఉంటుంది. ఆ గాలి చిన్నమంటని తీసుకెళ్లి పట్టీ కాలికి ఆనిస్తే పెరుగుదల కాస్త ఆలస్యమవుతుంది, తెరిచిన వైపుకి లాక్కెళ్తే త్వరగా పెద్దదవుతుంది. అదే కాలు గాలికి ఎదురుగా నిలబడితే సందులోకి గాలి సరిగ్గా తగలదు, స్పార్క్ సాగదు. కాబట్టి దిక్కు మారితే మంట మొదలయ్యే తీరు మారుతుంది. మిశ్రమంలో పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు, ఐడ్లింగ్‌లో, ఈజీఆర్ అనే ఏర్పాటు ద్వారా కాలిన వాయువు ఎక్కువగా వెనక్కి వచ్చినప్పుడు ఈ తేడా ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే అప్పుడు మంట అసలే నీరసంగా మొదలవుతుంది.

మరి ఇంత నిజమున్నప్పుడు పవర్ ఎందుకు పెరగదు? చాలామంది ఈ ప్రశ్న దగ్గర ఆగరు, అసలు కీలకం ఇక్కడే ఉంది.

ఏ ఇంజిన్‌కైనా ఇగ్నిషన్ టైమింగ్‌ని, అంటే స్పార్క్ పడే సమయాన్ని, ముందుకు జరుపుతూ పోతే ఇంజిన్ ఇచ్చే టార్క్ (తిప్పే బలం) పెరుగుతూ ఒక చోట శిఖరానికి చేరి మళ్లీ తగ్గుతుంది. ఆ శిఖరం మొనదేలి ఉండదు, చదునుగా ఉంటుంది. దానికి ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ జరిగినా టార్క్‌లో అర శాతం తేడా కూడా రాదు. ప్లగ్ దిక్కు సరిచేయడం వల్ల మీకు దక్కేది మంట కాస్త ముందుగా ఊపందుకోవడం, అంటే మీరు టైమింగ్‌ని ఓ డిగ్రీ ముందుకు జరిపినట్టే లెక్క. 6000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ ఒక డిగ్రీ తిరగడానికి పట్టేది సుమారు 28 మైక్రోసెకన్లు. టైమింగ్ ముందే సరిగ్గా పెట్టి ఉన్న ఇంజిన్‌లో మీరు సంపాదించిన ఆ డిగ్రీ చదును మీదే పడి కలిసిపోతుంది. అదే టైమింగ్ బాగా వెనక్కి ఉన్న ఇంజిన్ అయితే తేడా తెలుస్తుంది, కానీ అప్పుడు సరిచేయాల్సింది టైమింగ్, ప్లగ్గు కాదు. నాక్ సెన్సర్ (మిశ్రమం తనంతట తానే పేలే నాకింగ్‌ని పసిగట్టేది) ఉన్న ఇంజిన్‌లో ఇంకో తమాషా ఉంది. మంట త్వరగా ఊపందుకుని నాకింగ్ హద్దు తగిలితే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, అదే ఈసీయూ, తనంతట తానే టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, మీరు కుడిచేత్తో ఇచ్చింది అది ఎడమచేత్తో తీసేసుకుంటుంది.

ఇక మిగిలేది సిలిండర్‌కీ సిలిండర్‌కీ మధ్య తేడా, ఒకే సిలిండర్‌లో మంట ఒకసారి వెలిగే తీరుకీ మరోసారి వెలిగే తీరుకీ మధ్య తేడా. ఇండెక్సింగ్ నిజంగా సాయపడగలిగేది ఇక్కడే: నాలుగు సిలిండర్లలో ఒకటి మాత్రం కాస్త బద్ధకంగా వెలుగుతుంటే దాన్ని మిగతావాటి సరసకి తేవడం. దాని ఫలితం ఐడ్లింగ్ కొంచెం నున్నగా ఉండటంలో కనిపిస్తే కనిపిస్తుంది, టాప్ స్పీడ్‌లో కాదు.

ప్లగ్గులు తయారుచేసే ఎన్‌జీకే కంపెనీయే దీని మీద చెప్పిన మాట: ఇండెక్సింగ్ వల్ల వచ్చేది సాధారణంగా మొత్తం పవర్‌లో 1 శాతం లోపు, 500 హార్స్‌పవర్ ఇంజిన్‌లో 5 వస్తే అదృష్టం. ప్లగ్గులు అమ్ముకునేవాడే అంత తక్కువ చెప్తున్నాడంటే ఆలోచించండి. 100 హార్స్‌పవర్ బండికి ఇదే లెక్క వేస్తే ఒక్క హార్స్‌పవర్ కూడా పూర్తిగా రాదు. ఎక్కువ ఇంజిన్లకి ఇన్‌టేక్ వైపు బాగుంటుందనీ, కొన్నిటికి ఎగ్జాస్ట్ వాల్వ్ వైపు చూస్తేనే పవర్ వస్తుందనీ, డైనో (ఇంజిన్ పవర్ కొలిచే యంత్రం) లేకుండా మీ ఇంజిన్‌కి ఏది నప్పుతుందో తేల్చలేరనీ కూడా వాళ్లే చెప్తారు. ఇది కూడా సబబే. ఇన్‌టేక్ వాల్వ్ వైపు తిప్పితే కొత్త మిశ్రమం నేరుగా వచ్చి స్పార్క్‌కి తగులుతుందని అందరూ చెప్పే వివరణ వినడానికి బాగుంటుంది గానీ, స్పార్క్ పడే సమయానికి ఇన్‌టేక్ వాల్వ్ మూసుకుని చాలాసేపైంది, పిస్టన్ దాదాపు పైకి వచ్చేసింది. అప్పటికి సుడి ఏ దిక్కున తిరుగుతోందన్నది పోర్టు వంపు, చాంబర్ ఆకారం, పిస్టన్ తల తీరు కలిసి తేల్చే విషయం. నాలుగు వాల్వులు, నడిమధ్యన ప్లగ్ ఉన్న చాంబర్‌లో సుడి నిలువుగా దొర్లుతుంది, ప్లగ్ దగ్గర గాలి వీచే వైపు ఏదో బయటినుంచి చూసి చెప్పలేం. పాతకాలపు రెండు వాల్వుల హెడ్‌లో ప్లగ్ ఒక పక్కకి ఉంటుంది, మంట చాంబర్ ఆ చివరిదాకా ప్రయాణించాలి, అలాంటిచోట తెరిచిన వైపు చాంబర్ మధ్యకి పెట్టడంలో కొంత అర్థముంది.

అయినా చేసి చూశాను, తేడా ఉంది అనేవాళ్లని నేను అబద్ధాలకోరులనను. వాళ్లు పాత ప్లగ్గులు తీసి కొత్తవి వేశారు, గ్యాప్ సరిచూశారు, కాయిల్ బూట్లు (ప్లగ్ మీద కూర్చునే రబ్బరు తొడుగులు) తుడిచారు, వదులుగా ఉన్న ఓ కనెక్టర్ గట్టిగా నొక్కారు, దాంతోపాటు ఇండెక్సింగ్ కూడా చేశారు. బండి బాగుపడింది. పేరు మాత్రం ఇండెక్సింగ్‌కి దక్కింది. గ్యాప్ అరిగి వెడల్పైన ప్లగ్ తీసేస్తే ఏ బండైనా హుషారుగానే ఉంటుంది.

కొలవడం కూడా మాటలు కాదు. గాలి 27 డిగ్రీల దగ్గరున్నప్పుడు ఇంకో 3 డిగ్రీలు వేడెక్కితే దాని సాంద్రత 1 శాతం తగ్గిపోతుంది, మీరు వెతుకుతున్న లాభం మొత్తం అంతే. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పరుగెత్తించి పోల్చుకుంటే మీరు కొలిచింది ఎండని. పట్టుదలగా తేల్చుకోవాలనుకునేవాళ్లు డైనో మీద ఇంజిన్ ఆయిల్, కూలెంట్ ఒకే వేడికి వచ్చాక అవే ప్లగ్గులని ముందు అడ్డదిడ్డంగా, తర్వాత ఇండెక్స్ చేసి, మళ్లీ అడ్డదిడ్డంగా పెట్టి, ఒక్కో దశలో కొన్నిసార్లు నడిపి చూడాలి. మొదటిదీ మూడోదీ ఒకదానితో ఒకటి సరిపోతేనే మధ్యలోదానికి విలువ. అవి రెండే కలవకపోతే ఆ రోజు డైనో తేడాయే మీ లాభం కంటే పెద్దదని అర్థం, ఇంటికి వెళ్లిపోవచ్చు.

ఎవరు ఏం చేయాలి

డైరెక్ట్ ఇంజెక్షన్ సంగతి ముందు చూద్దాం, తప్పు చేస్తే దెబ్బ తగిలేది ఇక్కడే. ఇందులో ఇంజెక్టర్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది. స్ప్రే గైడెడ్ అనే రకంలో ఇంజెక్టర్, ప్లగ్ పక్కపక్కనే చాంబర్ పైభాగంలో ఉంటాయి. 2006 ప్రాంతంలో మెర్సిడెస్ బెంజ్, బీఎండబ్ల్యూ పియెజో ఇంజెక్టర్లతో ఈ తరహా ఇంజిన్లు రోడ్డు మీదికి తెచ్చాయి. స్ప్రే అంచు సరిగ్గా స్పార్క్ సందు పక్కనుంచి వెళ్లేలా మిల్లీమీటర్ల లెక్కన డిజైన్ చేస్తారు. పట్టీ కాలు తిరిగి ఇంజెక్టర్‌కి అడ్డంగా నిలబడిందనుకోండి, పెట్రోలు దాని మీద పడి తడుపుతుంది, సందు దగ్గర వెలిగించదగ్గ మిశ్రమం ఉండదు, ఇంజిన్ మిస్ కొడుతుంది, ప్లగ్ మసిబారుతుంది. అందుకని ఇలాంటి ఇంజిన్లకి పట్టీ వెల్డింగూ మర మొదలూ ఒకదానికొకటి కట్టుబడి ఉండే ప్లగ్గులు చేస్తారు, హెడ్‌లో మర కూడా అలాగే కోస్తారు. అక్కడ సొంత తెలివితేటలు వద్దు. మాన్యువల్‌లో చెప్పిన పార్ట్ నంబర్ ప్లగ్, చెప్పిన టార్క్. కొలతలు కలిశాయి కదా అని వేరే ప్లగ్ పెడితే దిక్కు తప్పొచ్చు. దిక్కు మార్చడానికి ప్లగ్ కింద వాషర్ వేసే జోలికి అసలే వెళ్లొద్దు.

పడవలకి పెట్టే టూ స్ట్రోక్ ఇంజిన్లలో ఎవిన్‌రూడ్ ఈ-టెక్ దీనికి మంచి ఉదాహరణ. అదీ డైరెక్ట్ ఇంజెక్షనే. అందులో ప్లగ్ ఇండెక్సింగ్ అన్నది ట్యూనింగ్ చిట్కా కాదు, సర్వీసు పనిలో భాగం. ప్లగ్ మార్చినప్పుడల్లా తెరిచిన వైపు ఇంజెక్టర్‌ని చూసేలా పెట్టాలని కంపెనీయే నియమం పెట్టింది. అది వదిలేసి తక్కువ స్పీడులో ఇంజిన్ సరిగ్గా నడవడం లేదంటే తప్పు ఇంజిన్‌ది కాదు.

రెండోది, పిస్టన్ తల ఎత్తుగా ఉండి కంప్రెషన్ బాగా పెంచిన రేసు ఇంజిన్. ఇక్కడ ఇండెక్సింగ్ చేసేది ముందు పవర్ కోసం కాదు, తగలకుండా ఉండటం కోసం. పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని గోపురం ప్లగ్ పట్టీకి తగిలితే సందు మూసుకుపోతుంది, స్పార్క్ ఉండదు, ఆ పట్టీ విరిగి లోపల పడితే ఇంక చెప్పక్కర్లేదు. మట్టి ముద్ద పిస్టన్ మీద పెట్టి ఇంజిన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి, హెడ్ విప్పి ఆ మట్టి ఎంత మందం మిగిలిందో కోసి చూడటం ఇంజిన్ కట్టేవాళ్లందరికీ తెలిసిన పద్ధతే. పట్టీ ఏ దిక్కుకి ఉంటే ఖాళీ ఎక్కువ మిగులుతుందో ఆ దిక్కే సరైన దిక్కు, ఇన్‌టేక్ వైపా కాదా అన్నది తర్వాతి మాట. కొన్నిచోట్ల దిక్కు మార్చినా ఖాళీ చాలదు, అప్పుడు ముక్కు పొట్టిగా ఉండే ప్లగ్‌కి మారాల్సిందే.

నిబంధనలు బిగుతుగా ఉండే రేసు క్లాసుల్లో, క్యామ్ మార్చకూడదు, పిస్టన్ మార్చకూడదు అనేచోట, అందరి ఇంజిన్లూ ఒకేలా ఉన్నప్పుడు, ఆ 1 శాతంలో సగం వచ్చినా వదలరు. వాళ్లు చేయడం న్యాయమే. మిగతావన్నీ అయిపోయాక చేస్తారు వాళ్లు, అదీ గమనించాల్సింది.

సింగిల్ సిలిండర్ బండికి ఒక వెసులుబాటు ఉంది: ఒక్కటే రంధ్రం, చేతిలో రెండు మూడు కొత్త ప్లగ్గులుంటే నచ్చిన దిక్కుకి ఆగేది ఏదో చూసి అది పెట్టుకోవచ్చు, ఖర్చేమీ లేదు. కార్బురేటర్ బండి, ఐడ్లింగ్ కాస్త తడబడుతోంది, మిగతావన్నీ చూసేశారు అంటే సరదాకి చేయండి. ఫలితం మీద ఆశ పెట్టుకోకండి.

మిగిలిన పోర్ట్ ఇంజెక్షన్ కార్లు, బైకులు: వద్దు. అంతే.

ఇండెక్సింగా, ఇంకేదైనానా

చిన్నమంటకి లోహం అడ్డు తగ్గించడమే కావాలంటే ఇండెక్సింగ్ ఒక్కటే దారి కాదు. మామూలు నికెల్ ప్లగ్‌లో సెంటర్ ఎలక్ట్రోడ్ లావు 2.5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఎన్‌జీకే ఇరిడియం ఐఎక్స్‌లో అది 0.6, డెన్సో ఇరిడియం పవర్‌లో 0.4 మిల్లీమీటర్లు. లోహం తక్కువైతే చిన్నమంట నుంచి లాక్కునే వేడీ తక్కువ, స్పార్క్ పడటానికి కావాల్సిన వోల్టేజీ కూడా తక్కువ. ఇది ఏ దిక్కుకి తిరిగినా పనిచేస్తుంది, ప్లగ్ మార్చిన ప్రతిసారీ మళ్లీ కుస్తీ పట్టక్కర్లేదు. కాబట్టి డబ్బు పెట్టదలచుకుంటే నేను సన్న ఎలక్ట్రోడ్ ప్లగ్‌కే ఓటేస్తాను. దీనితోనూ పవర్ పెరుగుతుందని కాదు, కానీ స్టార్టింగ్‌కీ ఐడ్లింగ్‌కీ ఇచ్చే భరోసా ఇండెక్సింగ్ కంటే నిక్కచ్చిగా ఉంటుంది. ఇంజిన్‌తో వచ్చినవే ఇరిడియం అయితే మీరు కొత్తగా చేసేదేమీ లేదు.

రెండు మూడు గ్రౌండ్ ఎలక్ట్రోడ్లు ఉన్న ప్లగ్‌ని ఇండెక్స్ చేయడమంటే అర్థం లేదు, ఎటు తిప్పినా ఏదో ఒకటి అడ్డుంటుంది. అవి ఎక్కువకాలం మన్నడం కోసం చేసినవి. పాత రేసు చిట్కా ఒకటుంది, పట్టీ కొసని సెంటర్ ఎలక్ట్రోడ్ సగం కనిపించేదాకా ఆకురాయితో అరగదీయడం. అది ఎటు తిరిగినా తెరిచిన భాగాన్ని పెంచుతుంది, చవక కూడా, కాకపోతే ప్లగ్ ఆయుష్షు తగ్గుతుంది. ఒక్క రేసుకి పర్లేదు, రోజూ ఆఫీసుకి వెళ్లే బండికి వద్దు. ఇరిడియం ప్లగ్ మీద ఆకురాయి పెట్టాలన్న ఆలోచన మాత్రం చేయకండి, ఆ సన్న మొన తగిలితే విరుగుతుంది.

చేయాలనే ఉంటే, ఎలా

దారులు మూడు: వాషర్లు, ప్లగ్గుల మార్పిడి, ఇంకాస్త తిప్పడం. మూడోది ముందు కొట్టేద్దాం. దిక్కు తెలియడానికి ప్లగ్ మీద గీసుకున్న గుర్తు ఇంకా అరచుట్టు దూరంలో ఉంది, గట్టిగా తిప్పితే వచ్చేస్తుందని బలం పెట్టేవాళ్లుంటారు. 14 మిల్లీమీటర్ల గాస్కెట్ ప్లగ్‌కి (సీలు కోసం నలిగే రింగు ఉండే రకం) అల్యూమినియం హెడ్‌లో మామూలుగా చెప్పే టార్క్ 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. అది దాటి తిప్పితే హెడ్‌లో మర ఊడి వస్తుంది, లేదా ప్లగ్ ఒళ్లు సాగి లోపల పింగాణీ సీలు దెబ్బతింటుంది. హెడ్‌లో మర పోతే దానికి హెలికాయిల్ (పోయిన మర స్థానంలో వేసే తీగ చుట్ట) వేయించే ఖర్చు ముందు ఈ ప్లగ్గుల ఖర్చు ఏ మూలకీ రాదు. అటు కాకుండా గుర్తు దగ్గర ఆపేద్దామని తక్కువ టార్క్‌తో వదిలేస్తే ఇంకో ప్రమాదం, ప్లగ్ తన వేడిని మర ద్వారా, సీటు ద్వారానే హెడ్‌కి పంపిస్తుంది. వదులుగా ఉంటే వేడి దిగదు, కొస ఎర్రగా కాలి స్పార్క్ కంటే ముందే మిశ్రమాన్ని అంటిస్తుంది. అలా పిస్టన్లు కరిగిపోతాయి. కంపెనీ ఇచ్చిన టార్క్ కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య దొరికే ఆ కొద్ది డిగ్రీల కదలికే మీ హక్కు, అంతకుమించి ఆశించొద్దు.

వాషర్ల పద్ధతిలో రకరకాల మందాల్లో రాగి వాషర్లు దొరుకుతాయి, తగినది ప్లగ్ కింద వేసి ఆగే చోటు మారుస్తారు. లెక్క తేలికే. 14 మిల్లీమీటర్ల ప్లగ్ మర అడుగు 1.25 మిల్లీమీటర్లు, అంటే ఒక పూర్తి చుట్టుకి ప్లగ్ అంత లోపలికి దిగుతుంది. పావు చుట్టు తేడా కావాలంటే 0.31 మిల్లీమీటర్ల మందం తేడా చాలు. చూడటానికి చక్కని పద్ధతి, నాకు మాత్రం నచ్చదు. ప్లగ్ కొస అంతమేర చాంబర్‌లోంచి వెనక్కి జరుగుతుంది, హెడ్‌లో చివరి మరలు బయటపడి వాటిలో మసి చేరుతుంది, తర్వాత ఎప్పుడో మామూలు ప్లగ్ బిగించబోతే ఆ మసి అడ్డం పడుతుంది. పైగా మొనని బాగా ముందుకు పెట్టడమే మంచిదని ఇంజనీర్లు చెప్పినచోట మీరు దాన్ని వెనక్కి లాగి దిక్కు సరిచేయడం అంటే ఒక చేత్తో పెట్టి రెండో చేత్తో తీయడమే. ఒకదాని మీద ఒకటి వాషర్లు పేర్చడం మరీ తప్పు, లీకు అక్కడే మొదలవుతుంది. ఇక గాస్కెట్ లేకుండా వాలు సీటు మీద కూర్చునే ప్లగ్‌కి వాషర్ వేయనే కూడదు, దాని సీలు ఆ వాలు మీదే ఆధారపడి ఉంది.

మిగిలింది మార్పిడి. ఇదొక్కటే నేను ఒప్పుకునేది, ఎందుకంటే దీనిలో ఏ భాగమూ తన కొలత మార్చుకోదు. ఏ ప్లగ్ ఏ రంధ్రంలో సరిగ్గా ఆగుతుందో చూసి దాన్ని అక్కడ పెట్టడమే. గుడ్డిగా చేస్తే నాలుగు ప్లగ్గులని నాలుగు రంధ్రాల్లో పదహారుసార్లు బిగించి విప్పాలి, ప్రతిసారీ గాస్కెట్ ఇంకాస్త నలుగుతుంది. అంత అక్కర్లేదు, కాగితం పెన్ను తీసుకుంటే ఏడుసార్లతో అయిపోతుంది.

ఇంజిన్ చల్లారాక, ప్లగ్ గుంతల్లో దుమ్ము గాలితో ఊదేసి మొదలుపెట్టండి. ప్రతి ప్లగ్ తెల్లటి పింగాణీ మీద తెరిచిన వైపుకి సరిగ్గా అదే వరసలో మార్కర్‌తో నిలువు గీత గీయండి, పట్టీ కాలు వైపు కాదు, దానికి ఎదురువైపు. లోతైన గుంతలో గీత కనబడదు కాబట్టి సాకెట్ మీదికి కూడా అదే వరసలో గీత పొడిగించుకోండి. ఇన్‌టేక్ వైపుని గడియారంలో 12 అనుకోండి. ఒక ప్లగ్‌ని, దాన్ని క అందాం, నాలుగు రంధ్రాల్లోనూ వరసగా టార్క్ రెంచ్‌తో బిగించి గీత ఎక్కడ ఆగిందో రాసుకోండి. ఉదాహరణకి ఒకటో రంధ్రంలో 2, రెండోదాంట్లో 5, మూడోదాంట్లో 11, నాలుగోదాంట్లో 8 వచ్చిందనుకుందాం. ఇప్పుడు మిగతా మూడింటినీ, వాటిని చ, ట, త అందాం, ఒకటో రంధ్రంలో మాత్రమే బిగించి చూడండి. చ 9 దగ్గర, ట 6 దగ్గర, త 11 దగ్గర ఆగాయనుకోండి. క కంటే చ 7 గంటలు ముందు, ట 4 గంటలు ముందు, త 3 గంటలు వెనక. ఈ తేడా ఏ రంధ్రంలోనైనా ఒకటే. కాబట్టి చ ని రెండో రంధ్రంలో పెడితే 5 కి 7 కలిసి 12, ట ని నాలుగోదాంట్లో పెడితే 8 కి 4 కలిసి 12, త ఒకటోదాంట్లో 11, క మూడోదాంట్లో 11. నాలుగూ గురికి ఒక గంట లోపే, అంటే 30 డిగ్రీల లోపే వచ్చేశాయి. ప్రతిసారీ ఇంత చక్కగా కుదరదు, ఒకటి రెండు గంటలు అటూ ఇటూ ఉంటే వదిలేయండి. అంతకంటే దూరంగా ఉంటే అదే నంబర్ ప్లగ్గులు ఇంకో రెండు తెచ్చుకుంటే వీలు పెరుగుతుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. కొత్త గాస్కెట్ ప్లగ్ చేత్తో బిగిశాక ఇంకా అరచుట్టు నుంచి మూడింట రెండొంతుల చుట్టు దాకా తిరిగి గాస్కెట్‌ని నలిపి కూర్చుంటుంది. ఒకసారి నలిగాక మళ్లీ బిగిస్తే అంత తిరగదు, చాలా తక్కువే. అందుకని కొలత తీసే ముందు ప్రతి ప్లగ్‌ని ఒకసారి పూర్తి టార్క్‌కి బిగించి విప్పేయండి, తర్వాత వచ్చే అంకెలు నిలకడగా ఉంటాయి. వాలు సీటు ప్లగ్ అయితే ఈ గొడవ లేదు, చేత్తో బిగిశాక పదహారో వంతు చుట్టు మాత్రమే తిరుగుతుంది, అంచనా వేయడం సులువు, కానీ టార్క్ దానికి వేరే, గాస్కెట్ ప్లగ్ కంటే బాగా తక్కువ. మరకి యాంటీసీజ్ (మర పట్టేయకుండా పూసే జారుడు పేస్టు) పూసే అలవాటుంటే ఇక్కడ మానుకోండి. అది జారుడు పెంచి, రెంచ్ అదే అంకె చూపిస్తున్నా ప్లగ్‌ని ఎక్కువ బిగించేస్తుంది, ఎన్‌జీకే లెక్కన ఆ తేడా 20 శాతం దాకా ఉండొచ్చు. పైపూత ఉన్న ప్లగ్గులకి అది అవసరమే లేదు.

చివరగా, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఇంజిన్‌లో ప్లగ్ విప్పితే కింద మందపాటి రాగి వాషర్ కనిపించిందనుకోండి. విసిరేయడానికి ముందు ఆగండి. హెడ్ చెక్కించి కంప్రెషన్ పెంచిన ఇంజిన్ అయితే అది ప్లగ్ కొస పిస్టన్‌కి తగలకుండా పెట్టిందై ఉండొచ్చు. కట్టినవాడిని అడగగలిగితే అడగండి. లేకపోతే మట్టి ముద్దతో ఖాళీ కొలిచాకే వాషర్ లేకుండా మామూలు ప్లగ్ పెట్టండి, అంతకుముందు బయటపడి ఉన్న ఆ మరల్లో మసిని గ్రీజు పూసిన థ్రెడ్ చేజర్‌తో (మరలు శుభ్రం చేసే పనిముట్టు) తీసి, సిలిండర్‌లో రాలినదాన్ని వ్యాక్యూమ్‌తో లాగేయడం మర్చిపోకండి.